రెడ్ పాండా: అడవిలో దాని బతుకు, దాని రక్షణ – తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక కాళ్ల మీద నిటారుగా లేచి, ముందు కాళ్లు రెండూ పైకెత్తే ఆ ఎర్రటి జంతువు వీడియో మీ ఫోన్‌కి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. చూడగానే ముద్దొస్తుంది. అయితే భయం వేసినప్పుడే అది అలా లేచి నిలబడుతుంది. ఉన్నదానికన్నా పెద్దగా కనబడి ఎదుటి జంతువుని బెదరగొట్టాలని దాని ప్రయత్నం. నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాశాను. డార్జిలింగ్ వైపు ట్రెక్కింగ్‌కి వెళ్లే మనవాళ్లు చివరి రెండు ప్రశ్నలు తప్పకుండా చదవాలి.

రెడ్ పాండా అంటే నలుపు తెలుపు పాండాకి చిన్న తమ్ముడా?

కాదు. రెండూ వెదురు తింటాయి, రెండింటికీ పాండా అనే పేరుంది, చుట్టరికం అంతవరకే. పెద్ద పాండా ఎలుగుబంటి జాతిది. రెడ్ పాండాది వేరే కుటుంబం, ఆ కుటుంబంలో ఇప్పుడు బతికున్నది ఇదొక్కటే. మిగతా బంధువులంతా ఎప్పుడో అంతరించి శిలాజాలుగా మిగిలారు. దూరపు చుట్టాలు కావాలంటే రకూన్లు, స్కంకులు, ముంగిసలా కనిపించే వీజెల్‌లు ఉన్నాయి.

అసలు పాండా అనే పేరు ముందు దీనిదే. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కువియే 1825లో దీన్ని వర్ణించి ‘ఐలూరస్ ఫుల్జెన్స్’ అని పేరు పెట్టాడు. మెరిసే పిల్లి అని దానర్థం. నలుపు తెలుపు పాండా గురించి బయటి శాస్త్రలోకానికి తెలిసింది 1869లో, అంటే 44 ఏళ్ల తర్వాత. ‘పాండా’ అన్న మాట నేపాలీలోని ‘నిగాల్యా పోన్యా’ నుంచి వచ్చిందని ఎక్కువమంది అంటారు. నిగాలో అంటే అక్కడి సన్న వెదురు. తూర్పు నేపాల్లో, సిక్కిం వైపు దీన్ని ‘హాబ్రే’ అంటారు.

బరువు 3 నుంచి 6 కిలోలు, అంటే బాగా తిని పెరిగిన ఇంటి పిల్లి కంటే కాస్త ఎక్కువ. పట్టీలు పట్టీలుగా ఉన్న ఆ తోక వల్లే చూడటానికి అంత పెద్దగా అనిపిస్తుంది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరు దీనిదేనా?

అవును. ఫైర్‌ఫాక్స్ అన్నది రెడ్ పాండాకి ఇంకో పేరు. బొమ్మలో మాత్రం నక్కని పెట్టారు.

ఇవి ఎక్కడ ఉంటాయి?

నేపాల్, భూటాన్, మన దేశం, ఉత్తర మయన్మార్, చైనా. మన దేశంలో సిక్కిం, పశ్చిమ బెంగాల్లోని డార్జిలింగ్, కాలింపాంగ్ కొండలు, అరుణాచల్ ప్రదేశ్. సిక్కింకి ఇది రాష్ట్ర జంతువు.

దేశాల పేర్లు చదివితే చాలా చోటున్నట్టు అనిపిస్తుంది. మ్యాపులో చూస్తే మాత్రం హిమాలయాల నడుముకి కట్టిన సన్నటి దారంలా ఉంటుంది దాని చోటు. సుమారు 2,400 మీటర్ల నుంచి 4,000 మీటర్ల ఎత్తు మధ్య, ఫర్, ఓక్, రోడోడెండ్రాన్ చెట్లుండి వాటి కింద దట్టంగా వెదురు పెరిగే చోట మాత్రమే అది బతుకుతుంది. చెట్లుండి వెదురు లేకపోయినా, వెదురుండి పెద్ద చెట్లు లేకపోయినా, దగ్గర్లో నీళ్లు లేకపోయినా దానికి పనికిరాదు. కిందికి దిగితే వేడి, ఊళ్లు, పొలాలు. పైకి పోతే చెట్లే ఉండవు.

జాతి ఒకటేనా, రెండా?

చాలాకాలం ఒకే జాతిలో రెండు ఉపజాతులు అనుకున్నారు. 2020లో జన్యువుల్ని పరిశీలించిన చైనా శాస్త్రవేత్తలు హిమాలయన్, చైనీస్ అని రెండు వేర్వేరు జాతులుగా చూడాలని తేల్చారు. టిబెట్‌లో యార్లుంగ్ సాంగ్‌పోగా పుట్టి మన దగ్గర బ్రహ్మపుత్ర అయ్యే నదే వాటి మధ్య హద్దు కావచ్చన్నారు. చైనీస్ జాతి ముఖం ఎక్కువ ఎరుపు, తోక పట్టీలు ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటాయి. హిమాలయన్ జాతి ముఖంలో తెలుపు ఎక్కువ. జన్యు వైవిధ్యం బాగా తగ్గిపోయింది కూడా ఈ హిమాలయన్ జాతిలోనే.

ఏం తింటాయి? రోజంతా తింటూనే ఉంటాయంటారు, నిజమా?

దాని బతుకంతా ఈ ప్రశ్నలోనే ఉంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

తిండిలో తొంభై శాతానికి పైగా వెదురే. మిగిలింది కాలాన్ని బట్టి పళ్లు, పుట్టగొడుగులు, దొరికితే గుడ్డో పురుగో. కానీ దాని కడుపు వెదురు కోసం తయారైంది కాదు. మాంసం తినే జంతువులకుండే పొట్టి పేగులే దానికీ ఉన్నాయి. ఆవుకున్నట్టు నెమరు లేదు, అరలున్న పొట్ట లేదు. అందుకే తిన్నదాంట్లో పావు వంతు మాత్రమే ఒంటికి పడుతుంది, మిగతాది అలాగే బయటికి పోతుంది. ఆ పావు వంతుతో బతకాలంటే రోజుకి కిలో నుంచి రెండు కిలోల ఆకు తినాలి, దానికి పదీ పదమూడు గంటలు పడుతుంది.

డార్జిలింగ్ జూలో ఒకటి తింటుంటే అరగంట నిలబడి చూశాను. గబగబా నమలడం ఎక్కడా లేదు. ముందు కాలితో రెమ్మని వంచి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది. వెదురాకుల్ని ఒక్కొక్కటే చూసి, లేత కొసని మాత్రం పక్క దవడకి పెట్టుకుని కొరుకుతుంది. ముదురాకు అయితే ముక్కు దగ్గరే వదిలేస్తుంది. ఆ రెమ్మని పట్టుకోవడానికి దాని మణికట్టు దగ్గర ఒక ఎముక పెరిగి బొటనవేలులా పనిచేస్తుంది. మన ఆడవాళ్లు చేటలో బియ్యం ఏరుతున్నప్పటి నిదానం గుర్తొచ్చింది నాకు.

తిన్న తర్వాత కొమ్మ మీద బోర్లా పడుకుంటుంది, నాలుగు కాళ్లూ కిందికి వేలాడేసి. చలేస్తే ముడుచుకుని తోకని ముఖం మీద కప్పుకుంటుంది. దీన్ని చూసి బద్ధకం అనుకోకండి. చాలీచాలని జీతంతో ఇల్లు నడిపేవాళ్లు పైసా పైసా చూసి ఖర్చు పెట్టినట్టు, ఇది ప్రతి అడుగూ లెక్కేసి వేస్తుంది. దానికి మిగులు అంటూ ఉండదు. కుక్క తరిమితే పెట్టిన పరుగు, మనుషుల అలికిడికి వదిలేసిన వెదురు పొద, రోడ్డు వల్ల చుట్టూ తిరగాల్సి వచ్చిన దారి, అన్నీ ఆ చిన్న జీతంలోంచే పోవాలి. కింద చెప్పే ముప్పులన్నీ ఈ లెక్క గుర్తు పెట్టుకుని చదవండి.

అంత ఎర్రగా ఉంటే శత్రువులకి దొరికిపోదా?

జూ కంచె వెనక చూస్తే అలాగే అనిపిస్తుంది. అడవిలో ఫర్ చెట్ల కొమ్మల నిండా ఎర్రటి గోధుమరంగు నాచు, తెల్లటి లైకెన్ పట్టి ఉంటాయి. ఆ కొమ్మ మీద ఎర్ర వీపు, తెల్ల ముఖం కలిసిపోతాయి. పొట్ట, కాళ్లు నల్లగా ఉంటాయి కాబట్టి కింద నుంచి తలెత్తి చూసినా నీడలానే ఉంటుంది. అరికాళ్లకి కూడా దట్టంగా బొచ్చు, మంచు మీద జారకుండా. చెట్టు దిగేటప్పుడు చీలమండ వెనక్కి తిప్పి తలకిందులుగా దిగగలదు.

పిల్లల్ని ఎప్పుడు కంటుంది?

జనవరి నుంచి మార్చి మధ్య జత కడతాయి. మిగతా ఏడాదంతా ఒంటరి బతుకే. జూన్, జులైలో, అక్కడ వాన ముమ్మరంగా ఉన్నప్పుడు పిల్లలు పుడతాయి. సాధారణంగా రెండు, ఒక్కోసారి ఒకటే, ఎప్పుడైనా నాలుగు. పుట్టినప్పుడు ఒక్కోటి నూటపాతిక గ్రాములకి కాస్త అటూ ఇటూగా తూగుతుంది, కళ్లు తెరవదు. కళ్లు విచ్చుకోవడానికి రెండున్నర వారాలు పడుతుంది.

తల్లి ముందే చెట్టు తొర్రో, రాతి సందో వెతుక్కుని ఆకులు, గడ్డి, నాచు తెచ్చి మెత్తగా పరుస్తుంది. పిల్లలు మూడు నెలలు ఆ గూట్లోనే. అలికిడి అయితే ఒక్కో పిల్లని నోట కరుచుకుని ఇంకో చోటికి మారుస్తుంది. పాలిచ్చే తల్లికి మామూలుకన్నా చాలా ఎక్కువ తిండి కావాలి, కానీ గూడు వదిలి దూరం పోలేదు. అందుకే గూటికి దగ్గర్లో మంచి వెదురు ఉండటం పిల్లల ప్రాణం మీదికొచ్చే సంగతి.

అడవిలో ఇంకా ఎన్ని మిగిలాయి?

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2015లో దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. పిల్లల్ని కనే వయసున్నవి 10,000 కన్నా తక్కువ ఉంటాయని, మూడు తరాల కాలంలో సగం తగ్గిపోయాయని అంచనా వేసింది. వీటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం జరగని పని. పొద్దు వాలాక, తెల్లవారుజామున తిరిగే జంతువు, పొగమంచు, నిట్టనిలువు కొండలు. ఎక్కువగా పెంటికల్ని బట్టే లెక్క కడతారు. అదృష్టవశాత్తూ ఇవి ఒకే చోట, ఒకే కొమ్మ మీదో చెట్టు మొదట్లోనో పదేపదే విసర్జిస్తాయి. తెలిసినవాళ్లకి అది ఇంటి ముందు బోర్డు లాంటిది.

పెద్ద ముప్పు ఏది? వేటేనా?

వేట ఉంది, దాని గురించి కింద చెబుతాను. కానీ ఎక్కువ ప్రాణాలు తీసేది చప్పుడు లేకుండా జరిగేవి: అడవి ముక్కలవడం, పశువులు, కుక్కలు.

1980ల చివర్లో నేపాల్ శాస్త్రవేత్త ప్రహ్లాద్ యోన్జన్ లాంగ్‌టాంగ్ జాతీయ పార్కులో రెడ్ పాండాలకి రేడియో కాలర్లు కట్టి వాటి వెంట తిరిగాడు. ఆయన బయటపెట్టిన కథ ఎవరూ ఊహించనిది. పర్యాటకులు వచ్చారు. వాళ్లకీ, ఖాట్మండూకీ అమ్మడానికి చీజ్ ఫ్యాక్టరీలు నడిచాయి. చీజ్‌కి పాలు కావాలి, పాలకోసం చౌరీలు, అంటే జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన సంకరం పశువుల మందలు పెరిగాయి. మందలతో కాపరులు, కాపరులతో కుక్కలు. ఆ మందలు పైకెక్కేది వానాకాలంలో, సరిగ్గా గూళ్లలో పిల్లలుండే నెలల్లో. వెదురు తొక్కుడు పడింది, లేత పిలకలు పశువులు మేశాయి, తల్లులు బెదిరాయి, కుక్కలు పిల్లల్ని చంపాయి. ఎవరూ రెడ్ పాండాకి చెడు చేద్దామనుకోలేదు. ట్రెక్కింగ్‌కి వెళ్లినవాడి పళ్లెంలోని చీజ్ ముక్కకీ, తొర్రలో చనిపోయిన పిల్లకీ మధ్య అన్ని మెట్లున్నాయి.

కుక్కలు కొరికి చంపడమే కాక డిస్టెంపర్ అనే జబ్బునీ మోసుకొస్తాయి. అది రెడ్ పాండాకి సోకితే బతకడం కష్టం.

2019లో తూర్పు నేపాల్లో పది రెడ్ పాండాలకి జీపీఎస్ కాలర్లు పెట్టారు. మగదానికి రెండు చదరపు కిలోమీటర్లకి కాస్త తక్కువ, ఆడదానికి అందులో సుమారు సగం చోటు చాలని తేలింది. మనుషులు, పశువులు తిరిగే చోట అవి తమ వేళల్నీ దారుల్నీ మార్చుకుంటున్నాయనీ తెలిసింది. చూడటానికి అడవి అలాగే ఉంది, లోపల మాత్రం తినే వేళ తగ్గిపోయింది.

ఇంకొకటి ఉంది, వెదురు పూత. ఈ కొండల వెదురు రకాలు కొన్ని దశాబ్దాలకొకసారి ఊరంతా ఒకేసారి పూసి, ఒకేసారి చచ్చిపోతాయి. మళ్లీ మొలిచి తినడానికి పనికొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. పూర్వం అలా జరిగితే పక్క కొండకి పోయేవి. ఇప్పుడు మధ్యలో రోడ్డు, ఊరు, ఏలకుల తోట. పోదామన్నా దారి లేదు.

దొంగరవాణా నిజంగా జరుగుతోందా?

జరుగుతోంది. నేపాల్లో చర్మాలు పట్టుబడుతూనే ఉన్నాయి. బాధపెట్టే సంగతేంటంటే వాటిని కొనేవాళ్లు చాలా తక్కువ. ఎవరో కొంటారన్న పుకారు నమ్మి చంపి, అమ్మబోయి పట్టుబడినవాళ్లు ఎక్కువ. కస్తూరి మృగానికీ అడవి పందికీ పెట్టిన ఉచ్చుల్లో పడి చచ్చేవీ ఉన్నాయి.

బతికున్నవాటి రవాణా ఈమధ్య కొత్త భయం. 2018 జనవరిలో లావోస్‌లో, చైనా సరిహద్దు దగ్గర ఒక వ్యానులో ఆరు రెడ్ పాండాలు దొరికాయి. మూడే బతికాయి. 2024 మార్చిలో బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో ఆరుగురు భారతీయుల సామానులో 87 జంతువులు పట్టుబడ్డాయి. పాములు, ఉడుములు, చిలుకల మధ్య బుట్టలో ముడుచుకుని ఒక రెడ్ పాండా ఉంది. వాళ్లు వెళ్తున్నది ముంబైకి.

పెంచుకోవచ్చా?

కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్ జంతువు. పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. చట్టం సంగతి అటుంచితే, 25 డిగ్రీలు దాటితేనే దానికి ఒళ్లు వేడెక్కి ఇబ్బంది మొదలవుతుంది. మన ఊళ్లలో మాఘమాసం మధ్యాహ్నమే దానికి వడదెబ్బ కాలం. ఎవరైనా ఇంట్లో పెంచుతున్నట్టు వీడియో వస్తే, దయచేసి ముందుకు పంపకండి.

వీటిని కాపాడుతున్నది ఎవరు?

ముందు చెప్పాల్సింది ఆ కొండల మీద ఉండేవాళ్ల గురించే. నేపాల్లో రెడ్ పాండా ఉండే అడవిలో ఎక్కువ భాగం పార్కులకి బయటే ఉంది. అది గ్రామాల సాముదాయిక వనం. ఏ చెట్టు కొట్టాలి, ఎప్పుడు పశువుల్ని వదలాలి అన్నది ఊరి సంఘమే నిర్ణయిస్తుంది. అందుకే 2007లో మొదలైన రెడ్ పాండా నెట్‌వర్క్ అనే సంస్థ తూర్పు నేపాల్లోని పాంచ్‌థర్, ఇలామ్, తాప్లేజుంగ్ జిల్లాల్లో ఆ ఊళ్లవాళ్లనే అటవీ రక్షకులుగా తీసుకుంది. వీళ్లు పశువులు కాసుకునేవాళ్లు, రైతులు. తమకి తెలిసిన అడవిలోనే ముందే అనుకున్న దారుల్లో నడిచి పెంటికలు, గోటి గుర్తులు రాసుకుంటారు, ఉచ్చులు కనిపిస్తే పీకేస్తారు, ఊరి కుక్కలకి టీకాలు వేయించడంలో సాయం చేస్తారు. కట్టెలు తక్కువ తినే పొయ్యిలు, అల్లో అనే కొండ మొక్క నారతో నేత కూడా ఈ పనిలో భాగమే. కట్టె మోపు తగ్గితే అడవిలోకి వెళ్లే రోజులు తగ్గుతాయి.

అరుణాచల్‌లో తవాంగ్ దగ్గర పాంగ్‌చెన్ లోయలో ఉండే మోన్‌పా తెగవాళ్లు తమ అడవిని తామే రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. వన్యప్రాణుల రక్షణకి పనిచేసే సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా తోడు నిలిచింది. పాంగ్‌చెన్‌పా అంటే పాపపు పనులకి దూరంగా ఉండేవాళ్లు అని వాళ్ల భాషలో అర్థమట. పేరు నిలబెట్టుకున్నారు.

డార్జిలింగ్ జూకి, మన హైదరాబాద్‌కి సంబంధం ఉందంటారు?

ఉంది. ఆ జూ పూర్తి పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్. పద్మజా నాయుడు హైదరాబాద్‌లో పుట్టి పెరిగారు. సరోజినీ నాయుడు, డాక్టర్ గోవిందరాజులు నాయుడుల కూతురు. 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నర్. ఆమె గవర్నర్‌గా ఉండగానే 1958లో ఆ జూ మొదలైంది, తర్వాత ఆమె పేరే పెట్టారు.

రెడ్ పాండాలకి అక్కడ జరుగుతున్న పని ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే ఉంది. జూలో పుట్టినవాటిని అడవికి అలవాటు చేసి పక్కనే ఉన్న సింగలీలా జాతీయ పార్కులో వదులుతారు. 2003లో మొదటిసారి రెండు ఆడ పాండాల్ని వదిలారు. ఒకదాన్ని అడవి జంతువు చంపేసింది. రెండోది అడవి మగదానితో జతకట్టి పిల్లని కన్నది. 2022 నుంచి 2024 మధ్య ఇంకో తొమ్మిదింటిని, ఏడు ఆడ, రెండు మగ, వదిలారు. ఆ ఏడింటిలో మూడు కలిసి అడవిలో ఐదు పిల్లల్ని కన్నాయి. అంకె చిన్నదే. ఏడాదికి ఒకటో రెండో పిల్లల్ని కనే జంతువుకి, 80 చదరపు కిలోమీటర్లు కూడా లేని పార్కులో, ఐదు పిల్లలు చాలా పెద్ద సంగతి.

అడవిలో చూడాలని ఉంది. ఎలా?

సింగలీలా కొండ వరుస మంచి చోటు. మానేభంజాంగ్ నుంచి టుమ్లింగ్, గైరీబాస్, కాలాపోఖ్రీ మీదుగా 3,636 మీటర్ల ఎత్తులోని సాందక్‌ఫూకి పోయే దారి అది. అటు పక్క నేపాల్ ఇలామ్ జిల్లా, ఇటు పక్క మన దేశం. సొంతంగా వెతకొద్దు, దొరకదు కూడా. అక్కడి ఊళ్లలో వాటి జాడ తీసే స్థానికులుంటారు, వాళ్లనే మాట్లాడుకోండి. వాళ్లకి ఆ రోజు కూలి దొరికితే బతికున్న పాండా విలువ ఆ ఊళ్లో పెరుగుతుంది.

పిల్లల కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పార్కు మూసి ఉంటుంది, అది మంచిదే. కనిపిస్తే దూరంగా ఆగండి. చెట్టు కింద గుంపుగా చేరకండి, ఈల వేయకండి, ఫ్లాష్ కొట్టకండి. అది తినడం ఆపి మిమ్మల్నే చూస్తోందంటే మీరు దగ్గరికి వచ్చేసినట్టే. రెండడుగులు వెనక్కి వేయండి.

ఆంధ్రా, తెలంగాణల్లో ఉండి నేనేం చేయగలను?

ఆ దారిలో నడిస్తే చేయగలిగినవి రెండు చెబుతాను. ఒకటి, రాత్రి బసలో కట్టెల పొయ్యి మీద స్నానానికి వేడినీళ్లు అడగకండి, ఆ కట్టె పాండా చెట్టుదే. రెండోది కుక్కల సంగతి. ట్రెక్కింగ్ దారిలో ఊరి కుక్కలు మన వెంట పడతాయి. జాలిపడి బిస్కెట్లు వేస్తాం. అది సాయంత్రందాకా మనతోనే నడిచి, ఊరు దాటి, పార్కు లోపలికి వచ్చేస్తుంది. రాత్రికి మనం గదిలో పడుకుంటాం, అది అడవిలో తిరుగుతుంది. బిస్కెట్ వేయాలనిపిస్తే దాని ఇంటి గుమ్మం దగ్గరే వేసి, యజమానిని పిలిచి కట్టేయమని చెప్పి బయల్దేరండి.